ఇల్లు కట్టారు సరే... ఆరనిచ్చారా?

శ్రావణం వచ్చిందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ వైపు గృహప్రవేశాల సందడే సందడి. ఆషాఢంలో ముహూర్తాలుండవు. అందుకే గిలాబు పూర్తిచేసి, రంగులు కొట్టించి, ఎట్లాగైనా శ్రావణంలో పాలు పొంగించాలని అందరికీ తొందర. ఒకపక్క కిరాయి, ఇంకోపక్క అప్పుకు వడ్డీ కడుతున్నవాళ్లను తప్పు పట్టలేం. కానీ అట్లా చేరిన మా చుట్టాల ఇళ్లకు రెండు మూడు నెలల తర్వాత వెళ్తే నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఎక్కడా లీకేజీ లేదు, మరి గోడలకు ఈ చెమ్మ ఎక్కడిది?

కట్టేటప్పుడు మనం పోసిన నీళ్లే అవి. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి సుమారు 400 బస్తాల సిమెంటు పడుతుందని లెక్క. 50 కిలోల బస్తాకు దాదాపు 25 లీటర్ల నీళ్లు కలుపుతారు. గట్టిపడేటప్పుడు సిమెంటు తనలో శాశ్వతంగా కలుపుకునేది అందులో సగం కూడా ఉండదు. మిగిలినదాంట్లో కొంత సన్నటి రంధ్రాల్లో ఉండిపోయినా, చాలావరకు ఆవిరై బయటికి పోవాల్సిందే. ఇటుకలు పీల్చుకున్నవి, రోజూ గోడలకు కొట్టినవి కూడా కలుపుకుంటే, వేల లీటర్ల నీళ్లను గోడల్లో పెట్టుకొని మనం ఇంట్లోకి దిగుతున్నట్టు.

అట్లాగని నీళ్లు కొట్టడం తగ్గించొద్దు. కాంక్రీటును మామూలుగా కనీసం 7 రోజులు, మన పాలమూరు ఎండల్లాంటి వేడిలో 10 రోజులు తడపాలని ఐఎస్‌ 456 ప్రమాణం చెబుతోంది. పీపీసీ వంటి సిమెంట్లకైతే 14 రోజుల దాకా పొడిగించమంటుంది. తడపాల్సినన్నాళ్లు తడపాలి, తర్వాత ఆరాల్సినన్నాళ్లు ఆరనివ్వాలి. మొదటిది మేస్త్రీ గుర్తు చేస్తాడు. రెండోది గుర్తుచేసేవాళ్లే ఉండరు.

గిలాబు అయ్యాక కనీసం 28 రోజులు ఆగి లప్పం పెట్టాలి. ఆరని గోడకు లప్పం, దానిమీద ఆయిల్‌ పెయింట్‌ వేస్తే నీళ్లకు దారి మూసినట్టే. కొన్నాళ్లకు రంగు పొంగి పొట్టులా రాలుతుంది. అనుమానముంటే అరమీటరు ప్లాస్టిక్‌ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒకరోజు ఉంచండి. లోపల నీటి చుక్కలు కనిపిస్తే ఇంకా ఆగాలి. మొదటి ఏడాది సున్నంతో సరిపెట్టుకుంటే ఇంకా మంచిది. సున్నం గోడను ఊపిరి పీల్చనిస్తుంది.

ఇక కిటికీల సంగతి. ఎండాకాలంలో వడగాలి తగిలితే గోడలు వాటంతటవే ఆరతాయి. వానాకాలంలో అంత సులువు కాదు. 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అదే 20 డిగ్రీల్లో 17 గ్రాములే. అందుకే చల్లటి గోడమీద చెమ్మ తేలుతుంది. ముసురు పట్టినప్పుడు కిటికీలు తెరిచినా పెద్దగా లాభం ఉండదు. ఎండ పొడచూపగానే ఎదురెదురు కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసి ఉంచాలి. గాలిలో తేమను చూపే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అది 60 శాతం లోపు చూపిస్తే నిశ్చింత. రోజుల తరబడి 75 దాటితే బూజుకు పండగే.

మనం కలిపే తేమ కూడా తక్కువేం కాదు. కిలో గ్యాస్‌ మండితే కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. వంటింట్లో ఎగ్జాస్ట్‌ ఫ్యాన్‌ పెట్టించేది ఒక్క పొగ కోసమే కాదు. బట్టలు ఇంట్లో ఆరేయొద్దు. తలుపులు మూసి కూలర్‌ వేయొద్దు, అది గదిలోకి నీళ్లే ఎగజిమ్ముతుంది. ఇల్లు ఆరాలని మూసిన గదిలో బొగ్గుల కుంపటి అసలే పెట్టొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్‌ మోనాక్సైడ్‌ ప్రాణం తీస్తుంది. బీరువాను గోడకు నాలుగంగుళాలు జరపండి. గద్వాల చీరలకు నూలు మీద బూజు మచ్చ పడినా, జరీ నల్లబడినా మళ్లీ ఆ కళ రాదు.

చీరలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, పిల్లల ఊపిరితిత్తుల సంగతి అట్లా కాదు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, దగ్గు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో కొత్తగా కట్టిన తడి ఇళ్లను పేదలకు తక్కువ అద్దెకు ఇచ్చేవారు. ఇల్లు ఆరగానే వాళ్లను పంపించి, అసలు అద్దెకు వేరేవాళ్లను దించేవారు. ఇల్లు ఆరేది, వాళ్ల ఆరోగ్యం పాడయ్యేది. ఇప్పుడు మన సొంత ఇంటికి మనమే అట్లాంటి అద్దెదారులం అవుతున్నాం.

దీనికి మన ఆచారంలోనే దారి ఉంది. ముహూర్తానికి పాలు పొంగించండి, మూడు రాత్రులు నిద్ర చేయండి. సామాను మాత్రం ఒకట్రెండు నెలలు ఆగి దించండి. అంతకాలం కిరాయి భారమనుకుంటే, బాగా గాలి ఆడే గదుల్లోనే పడుకోండి, ముఖ్యంగా చంటిపిల్లలున్నవాళ్లు, ముసలివాళ్లు. ఏడాది దాటినా ఒకేచోట, బాత్‌రూమ్‌ వెనకో, గోడ అడుగునో చెమ్మ తగ్గకపోతే మాత్రం అది ఆరని నీళ్లు కాదు. పైపు లీకేజీయో, నేలలోంచి ఎక్కే తేమో అయ్యుంటుంది. అప్పుడు రంగుల డబ్బా కొనకండి, మేస్త్రీని పిలవండి.