ఫోనులో నాన్న

హేరోదుకు భయపడి యోసేపు, మరియ రాత్రికి రాత్రి పసిబిడ్డతో ఐగుప్తుకు వెళ్లిపోయారు. ముగ్గురూ కలిసే వెళ్లారు. ఎల్లంతకుంట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు ఆ భాగ్యం లేదు. తండ్రి గల్ఫ్‌లో, తల్లీబిడ్డలు ఇక్కడ. శరణార్థులు కాకపోయినా అప్పు తరిమితే వెళ్లినవారే.

రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపవద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అలాగని నాన్న ఫోను ఆపనక్కర్లేదని మా అభిప్రాయం. బొమ్మల వీడియో బిడ్డకు బదులు పలకదు, నాన్న పలుకుతాడు. బిడ్డ కేరితే తానూ కేరాలి, బంతి చూపితే దాని రంగు అడగాలి. తల్లి పక్కనుండి మాట కలపాలి. ఐదు నిమిషాలు చాలు, కానీ రోజూ ఒకే వేళకు.

వేళ దగ్గరే చిక్కు. దుబాయి మనకంటే గంటన్నర వెనుక, సౌదీ, కువైట్ రెండున్నర గంటలు. కువైట్‌లో డ్యూటీ దిగి రాత్రి 8కి ఫోను చేస్తే ఇక్కడ పదిన్నర, పిల్లలు నిద్రలో ఉంటారు. పొద్దున 5కి చేస్తే ఇక్కడ ఏడున్నర. బిడ్డ హుషారుగా ఉంటుంది. అప్పుల మాటలు మాత్రం బిడ్డ పడుకున్నాకే.

స్త్రీల సమాజం వారు వారానికొకసారి ఆ ఇంటికి వెళ్లి, గంటసేపు బిడ్డను ఆడిస్తే తల్లి భర్తతో తీరిగ్గా మాట్లాడుకుంటుంది. పాస్టరుగారూ, ఆ వేళకు కూడిక పెట్టకండి.