ఒకే వంశవ్యాధి – వేర్వేరు తీవ్రతలు

పుంగనూరు ఆవు పొట్టిదనము దూడకు వచ్చునని ఆ ప్రాంతపు రైతుకు ఎవరును బోధింపనక్కరలేదు. అయినను ఒకే మందలోని పొట్టి ఆవులన్నియు ఒకే యెత్తున నుండవు. మనుష్యులలో దీనిని పోలినది, కాని మిక్కిలి దుఃఖకరమైనది యొకటి కలదు. మేము నేడు దానిని గూర్చి చెప్పదలచితిమి.

వెన్నుపాములోని నాడీకణములు నశించి, వాని యాజ్ఞపై కదలవలసిన కండరములు క్షీణించు ఈ వ్యాధిని వైద్యులు స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ యందురు. 1891లో వెర్డ్నిగ్, 1893లో హాఫ్‌మన్ దీనిని వర్ణించిరి. ఆరోగ్యవరపు వైద్యశాల మూలమున మదనపల్లె వారికి క్షయ సంగతి చిరకాలముగా తెలియును. ఇది అట్టి అంటువ్యాధి కాదు. బిడ్డ తెలివికి లోపముండదు.

ఒక బిడ్డ ఆరు నెలలు నిండకమునుపే మెడ నిలుపలేక ఊపిరికి కష్టపడును. ఇంకొక బిడ్డ కూర్చుండును గాని నడువజాలదు. మరియొకడు బడికి నడచిపోయి, కొన్నేండ్లకు మెట్లెక్కుటకు శ్రమపడును. వ్యాధి యొకటియే. ఈ భేదమేల?

1995లో పారిస్‌లో జూడిత్ మెల్కి బృందము దీని మూలజన్యువును 5వ క్రోమోజోముపై కనుగొనెను. అచ్చట ఎస్.ఎమ్.ఎన్. ఒకటి, రెండు అను జంట జన్యువులు కలవు. మొదటిది తాళపత్రపు మూలప్రతి వంటిది. రెండవది లేఖకుడు వ్రాసిన మారుప్రతి. అందు కీలకస్థానమున ఒక్క అక్షరము మారినది. దానివలన చదువునపుడు 7వ ఖండము తరచుగా దాటిపోవును. 10 మారులు చదివిన సుమారు ఒక్కమారే పూర్తి మాంసకృత్తు తయారగును. మూలప్రతి రెండు వైపులను లోపించిన బిడ్డ ఈ మారుప్రతుల మీదనే బ్రదుకవలెను.

మారుప్రతులు అందరికిని ఒకే సంఖ్యలో నుండవు. రెండే యున్నచో వ్యాధి చాలవరకు తీవ్రము. మూడున్న పలువురు కూర్చుండగలరు. నాలుగున్న పెక్కురు నడువగలరు. ఐనను ఇది జాతకము కాదు. మారుప్రతిలోనే మరియొక చిన్న మార్పుండుటచే రెండింటితోనే తేలికగా నున్నవారు కలరు. ఒకే సంఖ్య గల తోబుట్టువులలోను భేదము కనబడుచున్నది. సంఖ్య చూచి ఆయుర్దాయము చెప్పుట తొందరపాటని మా యభిప్రాయము.

కుప్పము మూడు భాషలు కలియు చోటు. భాషలు వేరైనను మేనరికము మూడింటి వారికిని ఉమ్మడి. సుమారు 50 మందికి ఒకరు ఈ లోపమును తెలియకయే మోయుచుందురు. వారికి ఏ బాధయు లేదు. మేనమామ అట్టివాడైనచో మేనకోడలును అట్టిదగుటకు నాలుగింట ఒక పాలు అవకాశము. దంపతులిరువురును అట్టివారైనచో ప్రతి కానుపునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు మరల నాలుగింట ఒక పాలు. మొదటి బిడ్డకు వచ్చినది గనుక రెండవ బిడ్డకు రాదనుట పొరపాటు. మేనరికము లేని యిండ్లలోను ఇది కలుగుచున్నది. లోపము సాధారణముగా ఇరువైపులనుండి వచ్చినదే. కోడలి నొక్కతెను నిందించుటకు తావెక్కడ?

రక్తపరీక్షవలన మూలప్రతి లోపమును, మారుప్రతుల సంఖ్యయు తెలియును. ఈ మూడు పట్టణముల వారికి బెంగుళూరు నిమ్హాన్స్, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల అంత దూరము కావు. 2016లో అమెరికాలో అనుమతి పొందిన నుసినెర్సెన్, 2020లో పొందిన రిస్డిప్లామ్ అను మందులు మారుప్రతిని సరిగా చదివించునవే. వాని వెల సామాన్యునకు అందనిది. లక్షణములు ముదురకమునుపు మొదలిడిన ఫలము హెచ్చు. నశించిన నాడీకణములు తిరిగి రావు. ఒడలు మెత్తబడి మెడ నిలుపని పసిబిడ్డను, “కొందరు ఆలస్యముగా నిలుపుదురులే” యని ఇంటనే యుంచుకొన్న నెలలలోనే అవి తరిగిపోవుచుండును.