లేజర్ కంటికి ఆనేది నలుపే

అవాంఛిత రోమాలకు లేజర్ అన్న బోర్డు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తోంది. తీరా ఆ గదిలోకి వెళ్లాక జరిగేదంతా ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. ఆ కాంతికి వెంట్రుక తెలియదు, నలుపు తెలుసు. వెంట్రుకకు రంగునిచ్చే మెలనిన్ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. చుట్టుపక్కల చర్మానికి సెగ పాకేలోపే కాంతి ఆగిపోవాలి. ఈ కిటుకును హార్వర్డ్ పరిశోధకులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ 1983లో వివరించారు.

• నెరిసిన వెంట్రుకలో మెలనిన్ ఉండదు కాబట్టి లేజర్ దాన్ని ఏమీ చేయలేదు. గడ్డం కింద నాలుగు తెల్లవెంట్రుకల కోసం ప్యాకేజీ కడితే డబ్బు దండగ.

• అసలు చిక్కు మన ఒంటిరంగుతో. చర్మంలో ఉన్నదీ అదే మెలనిన్. ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి మనుషుల చర్మాన్ని వర్గీకరించే ఫిట్జ్‌ప్యాట్రిక్ కొలమానంలో ఆరు మెట్లున్నాయి. మనలో ఎక్కువమంది ముదురు చాయ వైపున్న నాలుగు, ఐదు మెట్ల వాళ్లం. తెల్లతోలుకు బాగా పనిచేసే 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ నల్లటి చర్మాన్ని కాల్చి మచ్చలు మిగల్చవచ్చు. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లోతుకు దిగుతుంది, పైపొరను అంతగా తాకదు. అందుకే ముదురు చాయకు అదే భద్రమంటారు. డయోడ్ ఈ రెంటికీ మధ్యస్థం. ఏ లేజర్ వాడతారో అడగండి. ‘లేటెస్ట్ మెషిన్ మేడమ్’ అన్నది జవాబు కాదు.

• వ్యాక్సింగ్, త్రెడింగ్ నెల ముందే ఆపాలి. కుదుట్లో వెంట్రుక లేకపోతే కాంతికి పట్టు దొరకదు. షేవింగ్ మాత్రం ముందురోజు చేసుకోమనే చెబుతారు. గొరిగితే ఒత్తుగా వస్తుందన్నది ఉత్త అపోహ. కొస మొండిగా తెగడంతో గరుగ్గా తగులుతుంది, అంతే.

• ఒక్కసారితో పోదు. ఏ సమయంలో చూసినా కొన్ని వెంట్రుకలు ఎదుగుతుంటాయి, కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. లేజర్‌కు చిక్కేది ఎదిగేవే. అందుకే నెల, నెలన్నర ఎడంతో సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు.

• గదిలో కళ్లకు రక్షణ అద్దాలు పెడతారు. చల్లటి జెల్ పూస్తారు, లేదా చల్లగాలి కొడతారు. కాంతి పడ్డప్పుడల్లా చురుక్కుమంటుంది, కమురు వాసన వస్తుంది. తర్వాత కుదుళ్ల చుట్టూ ఎర్రగా, బుడిపెల్లా ఉబ్బుతుంది. అది పని జరిగిందనడానికి గుర్తే, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. నీటిబొబ్బలు లేస్తే మాత్రం ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. రెండు వారాలకు ‘మళ్లీ మొలుస్తున్నాయి’ అని కంగారుపడతారు చాలామంది. అవి చచ్చిన వెంట్రుకలు, బయటికి రాలిపోతుంటాయి. పీకవద్దు.

• తిమ్మిరి క్రీమ్‌తో ఆటలొద్దు. అమెరికాలో 22, 25 ఏళ్ల యువతులిద్దరు లేజర్ నొప్పి తెలియకూడదని కాళ్లనిండా పూసుకుని, పైన ప్లాస్టిక్ చుట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. మందు రక్తంలోకి మోతాదు మించి ఇంకింది. 2007లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిపై హెచ్చరిక జారీ చేసింది.

• లేజర్‌కు ముందు తరం ఇంకా ప్రమాదం. 1896లో వియన్నా వైద్యుడు లియోపోల్డ్ ఫ్రాయిండ్ ఓ చిన్నపాప వీపు మీది రోమాల పుట్టుమచ్చకు ఎక్స్‌రేలు పెట్టాడు. రోమాలు రాలాయి, చర్మం పుండుపడింది. అయినా ఆ తర్వాత అమెరికా బ్యూటీపార్లర్లు ఎక్స్‌రేనే అందానికి వాడాయి. ఎందరికో క్యాన్సర్లు వచ్చాకగానీ ఆ మోజు వదల్లేదు.

• ‘శాశ్వతంగా పోతాయి’ అనేది ప్రకటనల మాట. లేజర్ యంత్రాలకు ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది ‘శాశ్వతంగా తగ్గించడం’ వరకే. ఏడాదికో రెండేళ్లకో మరో సిట్టింగ్ పడొచ్చు. కొందరికి, ముఖ్యంగా ముఖం, మెడ మీద, లేజర్ తర్వాత కొత్తగా రోమాలు పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఈ సంగతి క్లినిక్‌లో తమంతట తాము చెప్పేవాళ్లు తక్కువ.

• గడ్డం మీద ముతక వెంట్రుకలు వస్తూ, నెలసరి కూడా తప్పుతుంటే కారణం పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు. హార్మోన్ల సంగతి చూడకుండా లేజర్ ఎన్నిసార్లు కొట్టించినా కొత్తవి వస్తూనే ఉంటాయి. ముందు గైనకాలజిస్టును కలిసి రక్తపరీక్షలు చేయించుకోండి. ప్యాకేజీ డబ్బు ఆ తర్వాతే కట్టండి.