ఘాటురోడ్డు దిగునపుడు

ఇప్పటి కార్లలో పెక్కింటికి ఎకో, నార్మల్, స్పోర్ట్ అను మీటలు గలవు. కొన్నింట ఇసుక, బురద, మంచు అనునవియు నుండును. మీట నొక్కినంతనే చక్రమునకు క్రొత్త పట్టు వచ్చునని పలువురు తలంతురు. పట్టు నిచ్చునవి టైరును, నేలయును మాత్రమే. పెడల్ త్రొక్కినపుడు ఇంజను ఎంత చురుకుగా పలుకవలెనో, గేరు ఎప్పుడు మారవలెనో, చక్రము జారినచో దాని నెంత త్వరగా అదుపు చేయవలెనో మీట నిర్ణయించును.

ఎకోలో ఇంజను మందముగా పలుకును. చదునైన బాటపై అది పొదుపే. ఇరుకు రోడ్డున లారీని దాటునపుడు ఆ మందకొడితనము ప్రమాదకరము. వానలో చక్రము జారకుండ నెమ్మదిగా కదలుట మేలు గనుక స్పోర్ట్ వలదు. ఇసుకలో మాత్రము చక్రమును కొంత జారనీయవలెను. లేనిచో బండి ఆగి కూరుకొనిపోవును.

అయితే మేము ముఖ్యముగా చెప్పదలచినది కొండ దిగుటను గూర్చి. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాటురోడ్డు నేడు దిగువారిది. 1974 నాటి రెండవది ఎక్కువారిది. ఎక్కునపుడు మీట తప్పినచో ఇంజను మూలుగును, అంతియే. దిగునపుడు అట్లు కాదు. 1,500 కిలోల కారు 600 మీటర్ల ఎత్తు దిగెననుకొందము. అందు వెలువడు శక్తి 30 డిగ్రీల వేడిగల 30 లీటర్ల నీటిని మరిగింపగలదు. పెళ్లింటి కాగెడు నీరు! ఆ వేడిమిని బ్రేకులే భరింపవలసివచ్చినచో వానిలోని ద్రవము మరిగి ఆవిరి బుడగలు పుట్టును. అపుడు పెడల్ మెత్తగా అడుగంటును గాని బండి ఆగదు.

కావున ఆ భారమును ఇంజనుకు పంచవలెను. ఏ గేరున ఎక్కుదుమో ఆ గేరుననే దిగవలెనను పాత డ్రైవర్ల మాట నేటికిని చెల్లును. ఆటోమేటిక్ బండిలో 2 గాని, ఎల్ గాని, చేతితో గేరు మార్చు పద్ధతి గాని ఉన్నచో అదియే ఉత్తమము; అవి లేనిచో తక్కువ గేరును పట్టియుంచు స్పోర్ట్ మేలు. కొన్ని బండ్లు ఎకోలో, పెడల్ వదలగనే, ఇంజనును చక్రములనుండి విడదీయును. ఘాటుపై అది తగదు. న్యూట్రల్ మాట తలపవలదు. కొండ దిగుటకని ప్రత్యేకముగా అమర్చిన మీట సైతము పెక్కు బండ్లలో బ్రేకులనే వాడును. అది నిటారుగా నుండు పొట్టి దారికి మాత్రమే పనికివచ్చును.

విద్యుత్ కార్లు దిగుచు బ్యాటరీని నింపుకొనును. బ్యాటరీ ముందే నిండియున్నచో ఆ నిరోధము తగ్గిపోవును. కొండపై నూటికి నూరు పాళ్లు నింపుకొని బయలుదేరువారు తొలి మలుపులలో బ్రేకులనే నమ్ముకొనవలసివచ్చును.