దాక్కున్న గ్రంథిని పట్టించే పరికరాలు

మెడలో థైరాయిడ్ వెనుక సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. ఒక్కొక్కటీ బియ్యపు గింజంత. రక్తంలో కాల్షియంను అదుపులో ఉంచేవి ఇవే. వీటిలో ఒకటి పెరిగి తన హార్మోనును (పీటీహెచ్) ఎడాపెడా వదిలితే ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి చేరుతుంది. ఎముకలు గుల్లబారతాయి, కిడ్నీల్లో రాళ్లు పడతాయి. ఒళ్లునొప్పులు, నీరసం వయసు వల్లేనని సరిపెట్టుకుని, ఎముక విరిగాక గానీ అసలు జబ్బు తెలుసుకోని వాళ్లు మన దేశంలో ఉన్నారు.

ఆ గ్రంథిని తీసేస్తే చాలావరకు నయమవుతుంది. చిక్కల్లా అది ఎక్కడుందో కనిపెట్టడంలోనే. చార్లెస్ మార్టెల్ అనే అమెరికా నావికుడికి మెడ మీద పదేపదే ఆపరేషన్లు చేసినా దొరకలేదు. చివరికి 1932లో ఛాతీలో బయటపడింది.

ఇప్పుడు ఆపరేషన్‌కు ముందే అల్ట్రాసౌండ్, సెస్టమిబి స్కాన్, అవసరమైతే 4డి సీటీ చేసి చోటు గుర్తిస్తున్నారు. ఎక్కువమందిలో చెడేది ఒక్క గ్రంథే కాబట్టి, చోటు తెలిస్తే చిన్న కోతతో పని అయిపోతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా గొప్ప మార్పు ఆపరేషన్ థియేటర్‌లో చేసే రక్తపరీక్ష. ఈ హార్మోను రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. అందుకే గ్రంథి తీసిన పది నిమిషాలకు మళ్లీ పరీక్షిస్తారు. హార్మోను సగానికి పైగా పడిపోతే అసలు దోషి దొరికినట్టే. పడకపోతే మరొకటి ఉందేమోనని అప్పుడే వెతుకుతారు. మయామీ సర్జన్ జార్జ్ ఇర్విన్ 1990లలో దీన్ని వాడుకలోకి తెచ్చారు.

మరొకటి కంటికి కనబడని పరారుణ కాంతి. అది పడితే పారాథైరాయిడ్ గ్రంథులు తమంతట తామే మెరుస్తాయి, ఏ రంగు మందూ ఎక్కించక్కర్లేదు. ఆ మెరుపును కెమెరా పట్టుకుంటుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో కనుగొన్న ఈ గుణం ఆధారంగా తయారైన పరికరాలకు 2018లో అక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. థైరాయిడ్ తీసేటప్పుడు మంచి గ్రంథులు పొరపాటున పోకుండానూ ఇది కాపాడుతుంది. అయితే ఈ కాంతి లోతుకు వెళ్లదు. గ్రంథి ఎక్కడుందో చెబుతుంది గానీ, జబ్బుపడిందో లేదో కచ్చితంగా తేల్చదు.

స్కాన్‌లో ఏమీ కనిపించలేదంటే జబ్బు లేదని కాదు. జబ్బును తేల్చేవి రక్తంలో కాల్షియం, పీటీహెచ్ పరీక్షలు. కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ రెండూ చేయించమని డాక్టర్ని అడగండి. ఆపరేషన్ తప్పదంటే, ఇలాంటివి తరచుగా చేసే సర్జన్ దగ్గరికే వెళ్లండి.