హాకీ స్కేట్ల ఎంపిక

“పిల్లవాని పాదము పెరుగుచున్నది గదా!” యని తల్లిదండ్రులు చక్రముల స్కేట్లను రెండు సైజులు పెద్దవిగా కొనుచుందురు. ఇది పొదుపు కాదు. వదులైన జోడులో మడమ కదలును. హాకీ ఆటలో చటుక్కున మలుపు తిరుగునపుడు చీలమండ బెణకవచ్చును.

విద్యార్థులారా! జోడు తొడిగి, లేసులు బిగించి, మోకాళ్ళు కొంచెము వంచి నిలువుడు. కాలివ్రేళ్ళు కొనకు తాకీ తాకనట్లుండి, మడమ పైకి లేవకున్నచో కొలత సరియైనదే.

చక్రముపై నుండు అంకె దాని గట్టిదనమును తెలుపును. నున్నని లోపలి నేలకు 74 మొదలు 78 వరకు గల మెత్తనివియు, ఆరుబయటి సిమెంటు నేలకు 80 దాటిన గట్టివియు తగును. మెత్తనివి గరుకు నేలపై త్వరగా అరిగిపోవును.

వాడిన జోడు కొన్నను తప్పులేదు. అరిగిన చక్రములను మార్చుకొనవచ్చును. చీలమండవద్ద పట్టు సడలిన జోడును మాత్రము విడిచిపెట్టుడు. మిగిలిన సొమ్ముతో శిరస్త్రాణమును, మోకాలి రక్షలను తప్పక కొనుడు.