చలికాలంలో రంగు తగ్గని సతత హరిత మొక్కలు

హైదరాబాద్‌లోని బేగంపేట, అమీర్‌పేట వంటి ప్రాంతాల ఇళ్లకు, కార్యాలయాలకు మొక్కలు అందించే చిన్న నర్సరీ రైతులు బంతి, చామంతి మీదే ఆధారపడకూడదు. పూత అయిపోయాక మిగిలిన మొక్కను ఎవరూ కొనరు, పెట్టుబడి పోతుంది. క్రోటన్, అకాలిఫా, కాగితం పూల మొక్కలు ఏడాదంతా పచ్చగా ఉండి చలికాలంలోనూ రంగునిస్తాయి.

ప్రవర్ధనం: వానాకాలంలో 15–20 సెం.మీ. కొమ్మ ముక్కలను నీరు నిలవని మట్టిలో నాటాలి.

క్రోటన్, అకాలిఫా: నీడలో ఆకుల రంగు తగ్గి పచ్చబడతాయి. రోజూ 4–5 గంటల ఎండ తగలాలి.

కాగితం పూలు: ఇందులో రంగు పూరేకులది కాదు, చిన్న తెల్లని పూలను చుట్టి ఉండే ఆకులది. నీరు, యూరియా ఎక్కువైతే కొమ్మలు ఏపుగా పెరిగి పూత తగ్గుతుంది. పైమట్టి ఆరాకే నీరివ్వాలి.

పిండినల్లి: లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి.

జాగ్రత్త: గన్నేరు కూడా సతత హరితమే, కరువును తట్టుకుంటుంది. కానీ మొక్క అంతా విషం. పశువుల పాకల దగ్గర నాటవద్దు. కత్తిరించిన కొమ్మలను మేతలో కలవనివ్వవద్దు. పిల్లలున్న ఇళ్లవారికి అమ్మేముందే ఈ సంగతి చెప్పాలి.